అత్తయ్య ఎక్కితే ఆగే కారు

మా కారు పెట్రోలు మీదా నడిచేది, గ్యాసు మీదా నడిచేది. స్టీరింగు పక్కన వేలెడంత స్విచ్చి ఉండేది. పైకి నొక్కితే పెట్రోలు, కిందికి నొక్కితే గ్యాసు. ఎర్రదీపం వెలిగితే పెట్రోలు మీద పోతున్నట్టు, పచ్చదీపం వెలిగితే గ్యాసు మీద పోతున్నట్టు. రెండూ ఆరిపోతే మనం దిగి నడవాలన్నట్టు. ఈ మూడో సంగతి అమ్మినాయన చెప్పలేదు, మేమే నేర్చుకున్నాం.

అది రెండువేల సంవత్సరం దాటిన కొత్త. గ్యాసు కిట్టు బిగించిన కార్లు అప్పటికి అమలాపురంలో నాలుగైదుకు మించి ఉండేవి కావు. నాది సెకండ్ హ్యాండ్‌ది, అంతకుముందు ఒక డాక్టరుగారిది. ఆయన దాన్ని అప్పగిస్తూ, "చాలా నెమ్మదైందండీ, మారు మాట్లాడదు, పెట్టింది తింటుంది" అన్నారు. పెళ్ళిచూపుల్లో పిల్ల గురించి చెప్పినట్టే చెప్పారు. పెళ్ళిచూపుల్లో నమ్మినట్టే నేనూ నమ్మాను.

గ్యాసు సంగతి చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. మాకు నగరం, తాటిపాక ఊళ్ళ వైపు పొలాల కింద గొట్టాల్లో గ్యాసు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటుంది. దాని మీద మేం వరి కోసుకుంటాం, కొబ్బరి దింపించుకుంటాం. కారులోకి పట్టించుకోవాలంటే మాత్రం రావులపాలెం దాటి, అరటిగెలల లారీల వెనక దుమ్ము తింటూ రాజమండ్రి దాకా పోవాలి. "గ్యాసు తెచ్చుకోవడానికే గ్యాసు కాలుస్తున్నారు" అని మా ఆవిడ నవ్వేది. నాకు కోపం వచ్చేది. నిజం చెప్పినవాళ్ళ మీద నాకు చప్పున కోపం వస్తుంది. ఆ గుణం ఇప్పటికీ పోలేదు.

నాకు ఎరువుల కొట్టుంది. కొట్టుకి స్కూటరు చాలు. కారు కొన్నది అత్తయ్య కోసం.

అత్తయ్యంటే నాన్నగారి అక్క. పెళ్ళయిన కొద్ది రోజులకే మావయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. అమ్మకి పొలం, పాడి, వచ్చేపోయే జనం. నన్ను పెంచింది అత్తయ్యే. నాకు అన్నం కలిపిపెట్టింది ఆవిడే, ఎక్కాలు రాకపోతే తొడపాశం పెట్టింది ఆవిడే, పెట్టాక కొబ్బరినూనె రాసింది కూడా ఆవిడే. అమ్మా నాన్నా పోయాక నాతోనే ఉండిపోయింది. అప్పటికి మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్టు ఎక్కలేకపోయేది. ఆటో ఎక్కితే ప్రతి గుంటకీ కూర్చున్నచోటే పైకి లేచేది. "ఒరే, ఇది ఆటో కాదురా, చాట. నన్ను చెరుగుతోంది" అనేది.

అత్తయ్యకి ఒక అలవాటుంది. ఇంట్లో ఏ శుభకార్యమైనా వంటంతా తన చేతి మీదుగానే సాగేది. తీరా ముహూర్తం వేళకి చూస్తే మనిషి కనపడేది కాదు. పెరట్లో పంపు దగ్గరో, గడ్డిమేటు వెనకాలో ఏదో పని కల్పించుకుని నిలబడి ఉండేది. ఎవరైనా ప్రయాణమై గడప దాటుతుంటే గదిలోకి వెళ్ళిపోయేది. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ ఉండమనీ అనలేదు. చిన్నప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళుమండేది. ఆవిడ వండిన పులిహోర దేవుడికి పనికొచ్చి ఆవిడ మొహం మనుషులకి పనికిరాకపోవడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే కారు ఇంటికొచ్చిన రోజున కొబ్బరికాయ అత్తయ్యే కొట్టాలని పట్టుపట్టాను.

"నేనేంటిరా, నీ మొహం. మీ ఆవిడ చేత కొట్టించు."

"ఈ ఇంట్లో పెద్దదానివి నువ్వు. నువ్వు కొట్టకపోతే కారు డాక్టరుగారికే ఇచ్చేసొస్తాను."

"మొండివెధవ" అంది గానీ కళ్ళు మెరిశాయి. చీర కొంగు నడుముకి దోపుకుని, ముందు బంపరు మీద ఒక్క దెబ్బ కొట్టింది. కాయ సరిగ్గా సగానికి పగిలింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

ఇక్కడ మా కోనసీమ పద్ధతి చెప్పాలి. వేరే ఊళ్ళలో కొత్త బండికి ఒక కాయ కొట్టి ఊరుకుంటారేమో. మా పెరట్లో కాయలు రాలి నెత్తిన పడతాయేమోనని భయపడాలి గానీ కాయలకి కొదవ లేదు. ఊరు దాటే ప్రతి ప్రయాణానికీ కాయ కొట్టాల్సిందే. కొట్టాక ఆ నీళ్ళు పారబొయ్యం, బండి మీద చిలకరిస్తాం. అత్తయ్య చిలకరింపుతో ఆగేది కాదు. బానెట్టుకి పసుపు బొట్టు పెట్టి, ముందున్న జాలీలోంచి మిగిలిన నీళ్ళన్నీ లోపలికి పోసేది. "అంతదూరం పరిగెట్టాలి పాపం, గొంతు తడుపుకోనీ" అనేది. దూరం ఎక్కువైతే కాయ పెద్దది ఏరేది.

కారు కొన్న కొత్తలోనే చిన్నత్త పడిపోయింది. అత్తయ్యకి ఒక్కగానొక్క చెల్లెలు. నర్సాపురం అవతల సముద్రం వైపు పల్లెటూళ్ళో ఉండేది. నూతిగట్టు మీద కాలు జారి తుంటి ఎముక విరిగింది. మంచం మీదే అన్నీ. కబురు వచ్చిన రోజు అత్తయ్య భోజనం దగ్గర కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయింది. "దానికి తలదువ్వడం రాదురా. చిన్నప్పణ్ణించీ నేనే దువ్వేదాన్ని" అంది. డెబ్భై దాటిన చెల్లెలి గురించి ఆ మాట.

"ఆదివారం తీసుకెళ్తాను" అన్నాను. దిండి వంతెన మీదుగా వెళ్తే చుట్టు. సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు ఎక్కేస్తే, అంటే ఇంజను పడవ లాగే బల్లకట్టు, అవతల దిగేది నర్సాపురంలోనే. అక్కణ్ణించి చిన్నత్త ఊరు ఎంతో దూరం లేదు.

ఆదివారం పొద్దున్నే అత్తయ్య కాయ కొట్టింది, కారు గొంతు తడిపింది, చెల్లెలికి సున్నుండలు, చింతకాయ పచ్చడి జాడీ, కొత్త దువ్వెన ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. ఆదివారం కూడా రైతులొస్తారు కాబట్టి మా ఆవిడ కొట్టు చూసుకోవడానికి ఉండిపోయింది. బోడసకుర్రు వంతెన దాటాం. తాటిపాక సెంటరు వచ్చేసరికి పచ్చదీపం టపటపా కొట్టుకుంది. పెట్రోలుకి మార్చాను. ఎర్రదీపం కూడా కొట్టుకుంది. రెండూ ఆరిపోయాయి. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోదు. నలుగురు తోశారు. చివరికి లారీకి తాడు కట్టి లాగించుకుని ఇంటికొచ్చాం.

మర్నాడు కార్ల ఎలక్ట్రీషియన్ వచ్చాడు. తాళం తిప్పాడు. కారు బుద్ధిగా స్టార్టయింది. "బానే ఉందికదండీ" అన్నాడు నా వంక జాలిగా చూస్తూ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఎలక్ట్రీషియన్ షెడ్డు బస్టాండు వెనకాల ఉండేది. సాయంత్రమయ్యేసరికి అమలాపురంలోని గ్యాసు కార్ల యజమానులం అక్కడ బల్ల మీద కూర్చునేవాళ్ళం, ఆసుపత్రి వరండాలో రోగుల్లా. ఒకరి జబ్బు ఇంకొకరికి చెప్పుకోవడంలో ఒక సుఖం ఉంటుంది. ఒక కొబ్బరి వ్యాపారిగారి కారులో బ్రేకు నొక్కితే హారన్ మోగేది. "ఆపుదామని బ్రేకేస్తే ముందోడు తిట్టుకుంటున్నాడండీ, నేను తొందర పెడుతున్నాననుకుని" అనేవారు. ఒక ప్లీడరుగారి కారుకి గ్యాసు స్విచ్చి నొక్కగానే హెడ్‌లైట్లు దీపారాధన దీపాలంత అయిపోయేవి. ఆయన సాయంత్రం ఆరు దాటితే కారు తీసేవారు కాదు.

ఎలక్ట్రీషియన్ అందరి మాటా శ్రద్ధగా వినేవాడు. "ఆయ్. అర్థమైందండీ" అనేవాడు. తర్వాత ఏదో ఒకటి మార్చేవాడు. నాకు ఫ్యూజులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, స్విచ్చి మార్చాడు. జబ్బు మాత్రం మారలేదు. ఒకసారి, "సముద్రపు గాలండీ, రాగికి పడదండీ" అన్నాడు. ఇంకోసారి, "ఒకే కడుపుకి రెండు తిళ్ళు పెడితే ఎలా అరుగుద్దండీ" అన్నాడు. మేం తలలూపాం. చెప్పేవాడు ధైర్యంగా చెబితే మాకు చాలు.

రెండోసారి బయల్దేరినప్పుడు ఊరు పొలిమేర దాటలేదు, ఆగిపోయింది. అత్తయ్య సున్నుండల డబ్బా తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసింది. వారమంతా ఎవరొచ్చినా ఆ సున్నుండలే పెట్టింది.

మూడోసారి కారు నాకు ఆశ పెట్టింది. తాటిపాక దాటింది, రాజోలు దాటింది, సఖినేటిపల్లి రేవులో వరుసలో నిలబడింది. మా ముందు రెండు వ్యాన్లు, ఒక పెళ్ళివారి జీపు. అత్తయ్య అద్దం దించి గోదావరి అవతలి ఒడ్డు చూస్తూ, "అదిగో, ఆ తాటిచెట్ల వెనకాలేరా" అంది. పంటు ఒడ్డుకి ఆనింది. ముందు బళ్ళు ఎక్కాయి. పంటు వాడు చెయ్యి ఊపాడు. తాళం తిప్పాను. సెల్ఫ్ తిరిగింది. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. వెనక బళ్ళ వాళ్ళు హారన్లు కొట్టారు. పంటు వాడు కాసేపు చూసి, "మీరు తర్వాత రండి బాబూ" అని తాడు విప్పేశాడు. పెళ్ళివారి జీపులో పిల్లలు మాకు టాటా చెప్పారు.

"అత్తయ్యా, మనం నడిచి పంటెక్కేద్దాం. అవతల ఆటో మాట్లాడతాను. నెమ్మదిగా పోనిమ్మంటాను" అన్నాను.

"వద్దురా."

"పోనీ రేపు అద్దె కారు మాట్లాడతాను."

"మేనల్లుడికి కారుందని దాని కోడలితో ఎన్నిసార్లు చెప్పించేను? ఇప్పుడు అద్దె కారులో దిగితే ఏవనుకుంటారు?" అంది. తర్వాత నీళ్ళవంక చూస్తూ మెల్లిగా, "అది కాదురా. నువ్వు దీంట్లో రాజమండ్రి వెళ్తావు, కాకినాడ వెళ్తావు. ఆగదు. నేనెక్కితేనే ఆగుతుంది. ఆ రోజే చెప్పేను, నా చేత కొట్టించకురా అని. నా చెయ్యి మంచిది కాదు. దాన్ని చూసే రాత నాకు లేదు" అంది.

నేను అరిచాను. రేవులో జనం తిరిగి చూసేటంత గట్టిగా అరిచాను. ఇరవయ్యేళ్ళ ముసలి కారుకీ, తన రాతకీ ఏంటి సంబంధమన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "సరేలే, నీరసం వస్తుంది, అరవకు" అంది. నా మాట ఒక్కటీ ఆవిడ లోపలికి వెళ్ళలేదని ఆ పట్టుకోవడంలోనే తెలిసింది. నిజానికి లెక్క ఆవిడ వైపే ఉంది. నేనొక్కణ్ణీ వెళ్ళేటప్పుడు కారు నిక్షేపంలా తిరిగేది. ఆవిడ ఎక్కినప్పుడే మొరాయించేది. నాకే కాస్త అనుమానం పట్టుకుంది, ఆ అనుమానం వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ తర్వాత అత్తయ్య మళ్ళీ పాత అలవాటులో పడిపోయింది. నేను కొట్టుకి బయల్దేరుతుంటే గదిలోకి వెళ్ళిపోయేది. చిన్నత్త మాట ఎత్తితే, "దాన్ని దేవుడే చూసుకుంటాడు" అని పప్పు రుబ్బడానికి కూర్చునేది. అన్నం సగానికి సగం తగ్గిపోయింది. ఆవిడని ఆ కారెక్కించి అవతలి ఒడ్డుకి చేర్చకపోతే, తన చెయ్యి మంచిది కాదన్న మాటే నిజమని నమ్ముకుని పోతుందని నాకు భయం పట్టుకుంది.

రేవు నుంచి లాగించుకొచ్చిన కొద్ది రోజులకి మా ఆవిడ ముగ్గు పెట్టడానికి వెళ్ళి, చేతిలో ముగ్గు గిన్నెతోనే వెనక్కి వచ్చింది.

"ఏవండీ, మీ కారుకి చీమలు పట్టేయండీ."

"కారుకి చీమలేంటి? అదేమైనా బెల్లమా?"

"వచ్చి చూడండి మరి."

వెళ్ళి చూశాను. గేటు దగ్గర మొదలై, ముందు చక్రం ఎక్కి, బంపరు మీదుగా జాలీలోకి ఎర్రచీమల బారు. పోయేవి పోతున్నాయి, వచ్చేవి వస్తున్నాయి. మా ఆవిడ జాలీ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. "పులిసిన కొబ్బరినీళ్ళ కంపు. పచ్చడికి కాయ కొట్టి గిన్నె కడగడం మర్చిపోతే మర్నాడు ఇదే వాసన" అంది.

బానెట్టు ఎత్తాం. జాలీకి సరిగ్గా వెనకాల, గ్యాసు కిట్టు తాలూకు నల్లడబ్బా ఉంది. పెట్రోలు వదలాలన్నా, గ్యాసు వదలాలన్నా కరెంటు ఆ ఒక్క డబ్బాలోంచే పోవాలి. మామూలు కార్లకి అక్కడ ఏమీ ఉండదు, ఎన్ని నీళ్ళు పోసినా కిందికి కారిపోతాయి. మా దానికి మాత్రం డబ్బా మీద పడి, దారి పొడుగునా మెల్లిగా లోపలికి ఊరేవి. మూత తీస్తే లోపల రాగి అంతా పచ్చగా చిలుము. వైర్ల మీది రబ్బరుని చీమలు కొరికేశాయి. ఆరిపోయినప్పుడు పనిచేస్తుంది, తడిసినప్పుడు పడుకుంటుంది. కాకినాడకీ రాజమండ్రికీ నేనొక్కణ్ణీ తెల్లారకుండా వెళ్ళేవాణ్ణి, అత్తయ్యని లేపడం ఇష్టంలేక కాయ కొట్టించకుండానే. చెల్లెలి దగ్గరికి వెళ్ళే రోజున మాత్రం ఆవిడ పెరడంతా వెతికి, ఊపి చూసి, అన్నిటికంటే నీళ్ళున్న కాయ తెచ్చేది.

ఎలక్ట్రీషియన్ని పిలిపించాం. డబ్బాలోకి తొంగి చూసి, "ఆయ్, నేననుకుంటూనే ఉన్నానండీ" అన్నాడు. ఆ మాటకి అతన్ని అక్కడే తోసేద్దును గానీ అతని చేతిలో నా కారు వైరుంది. కొత్త వైర్లు వేశాడు, చిలుము గీకాడు. సాయంత్రం షెడ్డులో సంగతి చెబితే కొబ్బరి వ్యాపారిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "కొబ్బరి అమ్ముకుని కారు కొన్నానండీ. ఆ కొబ్బరే దీన్ని తినేసిందన్నమాట!" అన్నారు. మర్నాడు ఆయన కారులోనూ చీమలు దొరికాయి. ప్లీడరుగారు మాత్రం ఒప్పుకోలేదు. ఆయనది సముద్రపు గాలేనన్నారు.

ఇంట్లో మిగిలిన ప్రశ్న ఒక్కటే. అత్తయ్యకి చెప్పాలా వద్దా?

"చెప్పేద్దాం. రాతా లేదు, గీతా లేదు, కొబ్బరినీళ్ళని" అన్నాను.

మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఏవని చెబుతారు? మీరు పోసిన నీళ్ళవల్లే ఆగిందండీ అనా? ఆవిడకి ఏవని వినపడుతుందో తెలుసా? నా చెయ్యే మంచిది కాదని వినపడుతుంది. ఇప్పటిదాకా అనుమానం. ఇక ఖాయం అనుకుంటారు."

ఆ మాటా నిజమే అనిపించింది. తాను చేత్తో చేసిన పని వల్లే చెల్లెలికి దూరమయ్యానని తెలిస్తే ఆవిడ తట్టుకుంటుందా? కాయ కొట్టొద్దంటే మాత్రం, నా చెయ్యి వద్దంటున్నారనుకోదా? అందుకని ఇద్దరం దొంగల్లా ఒక పని చేశాం. చుట్టుపక్కల ఎవరూ లేని వేళ చూసి, మా ఆవిడ ఆ డబ్బాకి పాలపాకెట్ కవర్లు నాలుగైదు మడతలు చుట్టి, పురికొసతో బిగించి కట్టింది. ఎన్ని కాయల నీళ్ళైనా పోసుకోనీ అనుకున్నాం.

ఇక ఆవిడని ఎక్కించడం ఎలాగా అని మేం ఆలోచిస్తుండగానే, రెండు రోజుల తర్వాత కాఫీ తాగుతూ అత్తయ్యే అంది. "ఏరా, ఈ ఆదివారం నీకేవైనా పనుందా? చిన్నదాన్ని చూసొద్దాం."

నువ్వు చెప్పావా అన్నట్టు నేను మా ఆవిడ వంక చూశాను. మీరు చెప్పారా అన్నట్టు ఆవిడ నా వంక చూసింది. మనసెలా మారిందో అత్తయ్యని అడిగితే మళ్ళీ మానేస్తుందేమోనని ఇద్దరం కాఫీ తాగేశాం.

ఆదివారం ఆవిడ కాయ కొట్టింది. మునుపటిలాగే ఒక్క దెబ్బకి రెండు చెక్కలు. నేను జాలీ వంకే చూస్తున్నాను. ఆవిడ కారు మీద నాలుగు చుక్కలు చిలకరించి, మిగిలిన నీళ్ళు గేటు పక్కన సన్నజాజి మొదట్లో పోసేసింది. "బయల్దేరదాం పద" అంది.

కారు ఆగలేదు. తాటిపాకలో ఆగలేదు, రాజోల్లో ఆగలేదు. రేవులో తాళం తిప్పగానే స్టార్టయి, చెక్కల మీద దడదడమంటూ పంటెక్కింది. అత్తయ్య కిటికీలోంచి చెయ్యి చాపి గాలిలో ఉంచుకుని కూర్చుంది. గోదావరి దాటుతున్నంతసేపూ నాకు ఏడుపొచ్చేటంత ఆనందంగా ఉంది. ఆవిడకి కనపడకుండా అద్దం తుడుస్తున్నట్టు నటించాను.

చిన్నత్త ఇంటికి చేరేసరికి తలుపు దగ్గరికి వేసుంది. కొడుకూ కోడలూ రొయ్యల చెరువుల దగ్గర ఉన్నారట, సరుకు తీసే పట్టుబడి రోజట. పక్కింటావిడ వచ్చి తలుపు తీసింది. "మధ్యాహ్నం వస్తారండీ. పొద్దున్నే అన్నం పెట్టే వెళ్తారండీ, మంచోళ్ళే. ఏం చేస్తారు, చెరువులాయె" అంది. లోపల నులకమంచం మీద చిన్నత్త సగానికి సగమై పడుకుని ఉంది. జుట్టు అట్టలు కట్టేసింది. మంచం పక్కన ముక్కాలిపీట మీద గ్లాసులో నీళ్ళున్నాయి గానీ అది ఆవిడ చేతికి అందేటంత దగ్గర లేదు.

"వచ్చేవా అక్కా" అంది. ఎందుకింత ఆలస్యమని అడగలేదు. అత్తయ్య గ్లాసు అందుకుని, తల ఎత్తిపట్టి తాగించింది. అప్పుడు మంచం మీద కూర్చుని, సంచీలోంచి దువ్వెన తీసి, చిక్కు విడదీయడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో పీట మీద కూర్చున్నాను.

కాసేపటికి చిన్నత్త, "కారు ఆగిపోతోందన్నారే, బాగైందా?" అంది.

"బాగైందే. నేనే ఆపేసేను దాన్ని" అంది అత్తయ్య నవ్వుతూ, దువ్వడం ఆపకుండా. "కొబ్బరినీళ్ళు పోసేసి వైర్లు పాడుచేసేను. చీమలు పట్టేయి."

నేను పీట మీంచి లేచాను. "నీకెవరు చెప్పేరు?"

"ఎవరు చెప్పాలిరా? మీ ఆవిడ కారు మూతెత్తి పాలపాకెట్లు కడుతుంటే వంటింటి కిటికీలోంచి చూసేను. వెళ్ళి వంగి చూస్తే చచ్చిన చీమలు, పులిసిన కొబ్బరినీళ్ళ కంపు. నాకు మోకాళ్ళు పోయేయి గానీ కళ్ళు పోలేదుగా. మీరిద్దరూ ఎంత జాగ్రత్తగా దాచిపెట్టేరో!" అంది. తర్వాత గొంతు తగ్గింది. "ముందే చెబితే పోయేది కదరా. ఆ రేవులో ఆగిన రోజు నుంచీ నా మొహం నేను అద్దంలో చూసుకోలేదు. చీమల్ని చూసేక ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను. నా చెయ్యి కాదు, ఉత్త నీళ్ళే అని."

ఆవిడ బాధపడుతుందని మేం దాచిన ఆ ఒక్క మాట కోసమే ఆవిడ అన్ని రోజులు ఎదురుచూసిందన్నమాట. పెంచిన మనిషినే నాకు తెలియలేదనిపించింది. ఆవిడ మాత్రం అప్పటికే ఆ సంగతి వదిలేసి, చెల్లెలి పాపిట సరిచేస్తోంది.

మధ్యాహ్నం చిన్నత్త కొడుకూ కోడలూ వచ్చారు. చేపల పులుసుతో భోజనాలయ్యాయి. కోడలు అత్తయ్య చెయ్యి పట్టుకుని, "ఒక్కదాన్నీ చూసుకోలేకపోతున్నానండీ" అని ఏడ్చింది. ఎండ తగ్గాక నేను లేచి, "బయల్దేరదామా అత్తయ్యా, ఆఖరి పంటు దొరకదు" అన్నాను.

ఆవిడ గుమ్మం దాకా వచ్చింది గానీ చెప్పులు వేసుకోలేదు.

"నువ్వెళ్ళు నాయనా. నేను ఉంటాను."

"ఎన్నాళ్ళు?"

"ఇది లేచి నడిచేదాకా." చిన్నత్త నడవదని మా ఇద్దరికీ తెలుసు. "మీ ఆవిడ ఉంది, నీకేం లోటు? దీనికి మంచినీళ్ళు అందించే మనిషి లేదురా పగలు."

మరి నాకో? అని నోటిదాకా వచ్చింది. నలభై దాటిన మగాణ్ణి, ఎరువుల కొట్టు ఓనర్ని, ఆ మాట ఎలా అంటాను? "నీ చీరలూ మందులూ వచ్చే ఆదివారం తెస్తాను" అన్నాను. ఆవిడ కారు దగ్గరికి రాలేదు, అలాగని లోపలికీ వెళ్ళిపోలేదు. జీవితంలో మొదటిసారి నా ప్రయాణానికి ఎదురుగా, వీధిగుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

నర్సాపురంలో పంటెక్కాను. పక్క సీటు ఖాళీగా ఉంది. సఖినేటిపల్లి ఒడ్డుకి ఆనగానే ముందు బళ్ళు దిగిపోయాయి. నేను తాళం తిప్పలేదు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాను. ఈ ఒక్కసారీ ఆగిపోతే ఇదే పంటు మీద వెనక్కి పోవచ్చు, కారు పాడైందని చెప్పి ఆ రాత్రికి అత్తయ్య దగ్గరే పడుకోవచ్చు.

"ఏవండీ, స్టార్టవదాండీ? తొయ్యమంటారా?" అని పంటు వాడు కిటికీలోకి వంగాడు.

తాళం తిప్పాను. మొదటి తిప్పుకే అందుకుంది. ఆ కారు మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.